ఎండ పొడ ఎటు జరిగితే అటు

మొన్న ఆదివారం పొద్దున్నే మా ముగ్గురు స్నేహితురాళ్ళూ దిగిపోయారు. ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్న బ్యాచ్ మాది, ఇప్పుడు నలుగురికీ యాభై నాలుగు. ఇదివరకు కలుస్తున్నామంటే అదో పెద్ద తతంగం, ఎక్కడికెళ్దాం, ఎవరు డ్రైవ్ చేస్తారు, ఎన్ని బ్యాగులు, రాత్రంతా మేలుకుని కబుర్లు, తెల్లారి ఎవరో ఒకరికి జలుబు. రెండేళ్ళ నుంచీ అవన్నీ వాటంతటవే రాలిపోయాయి. ఇప్పుడు ప్లాన్ ఒక్కటే, మా వరండా, నాలుగు కుర్చీలు, నీరెండ. బయటికెళ్ళొచ్చు కదా అని ఇంట్లో వాళ్ళెవరైనా అడిగితే, గుండుగాణ్ణి ఒక్కణ్ణే వదిలి ఎలా వెళ్తాం అని నలుగురం ఒకేసారి అంటాం. మా మోకాళ్ళ సంగతి మాత్రం ఎవ్వరం ఎత్తం.

గుండు అంటే మా కుక్క. తెచ్చినప్పుడు బంతిలా ఉండేవాడు కాబట్టి ఆ పేరు, ఇప్పుడు వెన్నెముక చేతికి తగులుతోంది అయినా పేరు అదే. పదమూడేళ్ళు నిండాయి, సగం ల్యాబ్రడార్, మిగతా సగం ఏంటో వాడికే తెలియాలి. ఇంకోటి రాణి, పిల్లి, పదహారేళ్ళు, ఇంట్లో అందరికంటే సీనియర్‌ని అనే ధోరణిలో ఉంటుంది. ఒకప్పుడు గుండుగాడు దీన్ని తరిమేవాడు, ఇప్పుడు ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద పడుకుంటారు, ప్రేమ పెరిగి అనుకునేరు, ఎండ పడేది అక్కడే కాబట్టి.

మాలో ఒకావిడ లెక్కల టీచరు. ప్రతిసారీ ఏదో ఒకటి పట్టుకొస్తుంది, ఈసారి తెచ్చింది కుక్కల వయసు లెక్క. కుక్కకి ఒక ఏడాది అంటే మనకి ఏడేళ్ళు అని మనమంతా చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా, అది తప్పంట. ఆలోచిస్తే నిజమే, ఆ లెక్కన ఏడాది కుక్క అంటే రెండో క్లాసు పిల్ల అవ్వాలి, కానీ ఏడాది కుక్క పిల్లల్ని కూడా కనగలదు. 2020లో శాస్త్రవేత్తలు ల్యాబ్రడార్ల డీఎన్ఏ మీద వయసుతో పాటు మారే రసాయనిక గుర్తుల్ని మనుషుల వాటితో పోల్చి ఒక ఫార్ములా ఇచ్చారు. కుక్క వయసుకి సహజ లాగరిథం తీసి, 16తో గుణించి, 31 కలపాలి. లాగరిథం అనగానే మిగతా ఇద్దరూ పదో తరగతి గుర్తొచ్చి మొహం తిప్పేసుకున్నారు, ఇది మాత్రం ఫోన్లో టకటకా కొట్టి, గుండుకి 72 అంది. ఏడుతో గుణిస్తే 91 వచ్చేది, ఆ మాత్రం తగ్గినందుకు నాకు పిచ్చి సంతోషం. అసలు తమాషా ఏంటంటే ఆ లెక్క ప్రకారం ఏడాది నిండేసరికే కుక్కకి 31, నాలుగేళ్ళు దాటిన రెండు మూడు నెలలకే 54, అంటే వాడు ఎప్పుడో మమ్మల్ని దాటేసి వెళ్ళిపోయాడు, ఆ తర్వాతే మెల్లగా ముసలవుతూ వస్తున్నాడు. "అంటే మనం చెప్పుల కోసం తిట్టిన రోజుల్లో వాడు మనకంటే పెద్దవాడా?" అని ఒకతి అడిగింది. దాదాపు అంతే మరి.

పిల్లులకి వేరే లెక్క ఉంది, మొదటి రెండేళ్ళూ కలిపి 24, అక్కణ్ణుంచి ఏడాదికి నాలుగు చొప్పున. ఆ లెక్కన రాణికి 80. ఆ మాట విని అందరం కాసేపు రాణి వైపు చూశాం, అది మా వైపు చూడలేదు.

ఇక ఎండ గురించి చెప్పాలి. వరండాలో పొద్దున్న ఎడమ స్తంభం పక్కన ఎండ పొడ పడుతుంది, అక్కణ్ణుంచి మెల్లగా జరుగుతూ పదకొండింటికి గుమ్మం దగ్గరికొస్తుంది. చలికాలంలో సూర్యుడు కింద నుంచి వెళ్తాడు కాబట్టి ఎండ ఇంకా లోపలికి చొరబడుతుంది, ఏకంగా హాల్లో సోఫా కాళ్ళ దాకా. ఈ టైం టేబుల్ నాకు నేర్పింది రాణే. ఎండ జరిగితే అదీ జరుగుతుంది, లేచి నడవదు, పడుకున్న పళంగా ఒళ్ళు ఓసారి పొర్లించి అర అడుగు అవతల పడుతుంది. దాని వెనకాల గుండుగాడు లేచి, మూడుసార్లు గుండ్రంగా తిరిగి, మళ్ళీ దాని పక్కనే కూలబడతాడు. వాళ్ళ వెనకాల మేం కుర్చీలు జరుపుకుంటాం. పొద్దున్న స్తంభం దగ్గర మొదలుపెట్టిన కబుర్లు మధ్యాహ్నానికి గుమ్మం దగ్గర తేలతాయి, భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుందని పుస్తకంలో చదివినప్పుడు ఎప్పుడూ బుర్రకెక్కలేదు, కుర్చీ జరుపుకుంటే తెలుస్తోంది.

పిల్లులంటే పడని మా మూడోది (ఈవిడ గురించి ఇంకా వస్తుంది), అదేంటే ఇంత ఎండలో అంతసేపు ఎలా పడుకుంటుంది, మాడిపోదూ అంటుంది ప్రతిసారీ. పిల్లులకి ఒళ్ళు వేడిగా ఉంచుకోడానికి అదనంగా కష్టపడక్కర్లేకుండా, చల్లబరుచుకోడానికీ కష్టపడక్కర్లేకుండా హాయిగా ఉండే వేడి 30 నుంచి 38 డిగ్రీల దాకా. మనం ఫ్యాన్ స్విచ్ వెతుక్కునే చోట దానికి సుఖం మొదలవుతుందన్నమాట. అందులోనూ ముసలి పిల్లి, కండ తగ్గిపోయింది, కీళ్ళు పట్టేశాయి, వెచ్చదనం దానికి మందు లాంటిది. అప్పుడు ఈవిడ మళ్ళీ, "ఓహో డి విటమిన్ కోసమా" అంది. కాదు తల్లీ, కుక్కలకీ పిల్లులకీ మనలా ఎండ నుంచి చర్మంలో డి విటమిన్ సరిపడా తయారవ్వదు, వాటికది తిండిలోంచే రావాలి. ఆ మాటకొస్తే కిటికీ అద్దం వెనకాల కూర్చుంటే మనకీ రాదు, దానికి కావాల్సిన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. అది విన్నాక ఈవిడ ఏడాది పాటు ఆఫీసులో కిటికీ పక్క సీటు కోసం చేసిన గొడవ గుర్తొచ్చి కాసేపు ఎవరి నవ్వు ఎవరికీ ఆగలేదు.

ఇలా రాస్తుంటే అంతా హాయిగా ఉన్నట్టుంది కానీ అసలు నేను రాద్దామనుకున్నది మూడు నెలల కిందటి సంగతి.

అప్పుడు కూడా ఇలాంటి ఆదివారమే. వరండా నుంచి కిందికి రెండు మెట్లున్నాయి, దిగితే చెట్టు, గేటు. గుండుగాడు ఆ మెట్ల దగ్గర నిలబడి ఆలోచిస్తుంటాడు, కాసేపు చూసి వెనక్కొచ్చేస్తాడు. నేను రోజూ చూస్తూనే ఉన్నా, "బద్ధకం పెరిగిపోయిందే వీడికి, వయసైపోయింది కదా పాపం" అన్నా నవ్వుతూ. మా నాలుగోది నవ్వలేదు. అది తక్కువ మాట్లాడుతుంది, క్లాసులో కూడా అంతే, మా బెంచీ చివర్లో కూర్చుని అందర్నీ గమనించే రకం. కుర్చీలోంచి లేచి వెళ్ళి వాడి వెనకాల గొంతుక్కూర్చుంది.

"ఒసే, వీడు పోయినసారి నేనొచ్చినప్పుడు గేటు దాకా ఎదురొచ్చాడు. ఇవాళ మెట్టు మీంచే తోక ఊపాడు."

"వయసే..."

"వయసు రోగం కాదే. తొడలు చూడు, కండ ఎంత తగ్గిపోయిందో. వెనక కాలి గోళ్ళు చూడు, నేలకి రాసుకుని అరిగిపోయాయి, కాలు ఎత్తట్లేదు, ఈడుస్తున్నాడు. నడుస్తుంటే గీరుకుంటున్న సౌండ్ నీకు వినపడట్లేదా?"

వినపడుతోంది. నెలల నుంచీ వినపడుతోంది. అది ఇంట్లో ఫ్రిజ్ సౌండ్ లాగా అయిపోయింది నాకు, ఉందని కూడా తెలియనంతగా. రోజూ పక్కనే ఉండి, రోజూ వాడి తల నిమిరి, నేను చూడలేదు. మూడు నెలలకోసారి వచ్చే మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతూ చూసేసింది. అప్పట్నుంచీ నాకు ఇదే పట్టుకుంది, రోజూ చూసే కంటికి మార్పు కనపడదు, అది నిన్నటితో పోల్చుకుంటుంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏముంటుంది. అప్పుడప్పుడూ వచ్చే పాత స్నేహితుల దగ్గర పోయినసారి ఫొటో బుర్రలో భద్రంగా ఉంటుంది. దాన్ని తెచ్చి పక్కన పెట్టేస్తారు, మనకి నచ్చినా నచ్చకపోయినా.

దీనికి తెలియడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాని కుక్క అంతకుముందు ఏడాదే పోయింది. అది తర్వాత చెప్తా.

ఆ రోజు ఇంకో ప్రమాదం కూడా తప్పింది. గుండుకి నొప్పి అనగానే మా పిల్లులంటే పడనావిడ (చెడ్డది కాదు పాపం, కంగారు మనిషి) హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తన మోకాలి నొప్పి మాత్రల స్ట్రిప్ తీసి, సగం విరిచి పెడదామా అంది. ఇప్పుడు మా నలుగురి బ్యాగుల్లోనూ లిప్‌స్టిక్ ఉన్నా లేకపోయినా మాత్రలు ఉంటాయి లెండి. లెక్కల టీచరు ఆవిడ చెయ్యి పట్టుకుని లాగేసింది. దయచేసి ఎవరూ ఇలా చెయ్యకండి, మనం వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపులో పుళ్ళు చేస్తాయి, కిడ్నీలు దెబ్బ తీస్తాయి. పారాసెటమాల్ అయితే పిల్లులకి విషమే, వాటి లివర్ దాన్ని విరగ్గొట్టలేదు, రక్తం ఆక్సిజన్ మొయ్యలేని స్థితికొచ్చేస్తుంది, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోడానికి.

మర్నాడే పెట్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా. ఎక్స్‌రే తీశారు, తుంటి కీళ్ళు రెండూ అరిగాయి. డాక్టర్ గారు తిట్టలేదు, చాలామంది ఇలాగే వయసు అనుకుని ఆలస్యంగా తెస్తారమ్మా, కుక్కలు నొప్పికి అరవవు, చేసే పనులు మానేస్తాయి అంతే అన్నారు. ఆ మాట నాకు తిట్టు కంటే గట్టిగా తగిలింది. రక్త పరీక్ష చేసి, కిడ్నీ లివర్ బాగున్నాయని చూసుకుని, కుక్కలకని తయారుచేసిన నొప్పి మందు ఇచ్చారు. కొంచెం బరువు తగ్గించమన్నారు (ఎముకలు తగుల్తుంటే ఇంకేం తగ్గిస్తానండీ అన్నా, అవి వీపు మీద, పొట్ట చూడండి అన్నారు, నిజమే). నున్నటి నేల మీద కాళ్ళు జారకుండా చాపలు పరిచా, మెట్ల మీద ఒక చెక్క ఏటవాలుగా వేయించా, పొద్దున్న ఒక పెద్ద వాకింగ్ బదులు రోజుకి నాలుగు చిన్నవి. పడక వెచ్చగా ఉండాలి, పొద్దున్నే ఎండలో కాసేపు ఉంటే కీళ్ళు వదులవుతాయి అన్నారు. అది మాత్రం మేం ముందే చేస్తున్నాం.

కళ్ళు కూడా చూపించా. ఏడాది నుంచీ నల్లగుడ్డు మీద నీలం పొగలా కమ్మింది, అందరూ శుక్లాలే అన్నారు. కాదట. న్యూక్లియర్ స్క్లెరోసిస్ అంటారట, వయసు వల్ల కంట్లో లెన్స్ గట్టిపడి అలా కనిపిస్తుంది, చూపు పెద్దగా పోదు, దగ్గరి వస్తువులు కాస్త మసకగా ఉంటాయి. మనకి నలభై దాటాక చదువుకునే కళ్ళజోడు వచ్చేది కూడా లెన్స్ గట్టిపడే కదా. ఆ రోజు ఫీజు కట్టేటప్పుడు బిల్లు చదవడానికి కళ్ళజోడు కోసం బ్యాగంతా వెతుకుతుంటే గుండుగాడు తల ఎత్తి నన్నే చూస్తున్నాడు, నాకు తెగ నవ్వొచ్చింది.

వారం తిరిగేసరికి మెట్ల మీద చెక్క ఎక్కి దిగడం మొదలెట్టాడు. పదో రోజున రాణిని తరిమాడు. మూడంటే మూడు అడుగులు, కానీ తరిమాడు. అది ఎంత ఆశ్చర్యపోయిందంటే పరిగెత్తడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

అప్పుడు బుద్ధొచ్చి రాణిని కూడా చూడ్డం మొదలెట్టా. బీరువా పైకి ఎక్కడం ఎప్పుడు మానేసింది? నాకు తెలీదు, నిజంగా గుర్తులేదు. నడుం మీద బొచ్చు చిక్కులు పడుతోంది, నాలుక అక్కడిదాకా తిరగట్లేదు. గోళ్ళు గీక్కోవట్లేదు, అవి పెరిగి వంకర తిరుగుతున్నాయి. పన్నెండేళ్ళు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే తొంభై పిల్లుల్లో కీళ్ళు అరిగి ఉన్నాయని 2002లో ఒక అధ్యయనంలో తేలింది, వందకి తొంభై! అవి కుంటవు, ఫిర్యాదు చెయ్యవు, ఎత్తులు ఎక్కడం మానేసి, దానికే ఇష్టం లేనట్టు మొహం పెడతాయి. ఇప్పుడు బీరువా పక్కన ఒక స్టూలు, దాని పక్కన ఒక పెట్టె పెట్టా. ఒక రోజు పొద్దున్న లేచి చూస్తే బీరువా మీద ఉంది, పైనుంచి ఇంటిని పరిశీలిస్తోంది, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయారు మీరంతా అన్నట్టు.

సరే మళ్ళీ మొన్నటికి వస్తా. పది దాటాక ఎండ కాస్త చురుక్కుమనడం మొదలైంది. ముసలి కుక్కలతో ఒక చిక్కుంది, హాయిగా ఉందని పడుకుంటాయి, వేడెక్కినా లేచి నీడకి పోవు, ఒకటి లేవడం కష్టం, రెండోది మత్తు. వాటికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కాస్త తప్ప, నాలుక చాపి రొప్పడమే వాటి కూలర్. అందుకే రొప్పడం మొదలెట్టగానే మేమే లేపి నీడలోకి తీసుకెళ్తాం. గచ్చు మీద వెనక అరచెయ్యి పెట్టి చూస్తాం, ఏడు సెకన్లు ఉంచలేకపోతే వాడి పాదాలకీ అంతే. రాణి చెవులు తెలుపు, అదొక భయం, తెల్ల చెవుల పిల్లులకి ఏళ్ళ తరబడి ఎండ తగిలితే చెవి అంచుల్లో క్యాన్సర్ రావచ్చు, అందుకని నడి ఎండలో లోపల వేసి తలుపేస్తా. తలుపు వెనక నుంచి అది అనే మాటలు ఇక్కడ రాయలేను.

నీడలో కూర్చున్నాక రికార్డుల గురించి వచ్చింది. ఎక్కువ కాలం బతికిన పిల్లి ఏదో తెలుసా అని లెక్కల టీచరే మొదలెట్టింది. అమెరికాలో క్రీమ్ పఫ్ అనే పిల్లి, 1967లో పుట్టి 2005 దాకా ఉంది, 38 ఏళ్ళు. "అంటే రాణికి ఇంకా ఇరవై రెండేళ్ళు" అన్నా వెంటనే. "అప్పటికి మనకి డెబ్భై ఆరే, ఎవరు ఎవర్ని చూసుకుంటారే" అని పిల్లులంటే పడనావిడ. కుక్కల్లో ఆస్ట్రేలియాలో బ్లూయీ, 1910లో పుట్టింది, 29 ఏళ్ళ 5 నెలలు. 2023లో పోర్చుగల్ కుక్క ఒకటి 31 ఏళ్ళని రికార్డు కొట్టింది కానీ, వయసుకి సరైన రుజువు లేదని 2024లో గిన్నిస్ వాళ్ళు తీసేశారు. "కుక్కలు కూడా సర్టిఫికెట్‌లో డేటాఫ్ బర్త్ మారుస్తున్నాయా" అంది ఒకతి. మాలో ఇద్దరికి స్కూల్ రికార్డుల్లో ఏడాది తేడా ఉంది, కాబట్టి ఎవరూ ఎక్కువ నవ్వలేదు.

మా నాలుగోది మాత్రం అప్పటిదాకా గుండుగాడి చెవి వెనక గోకుతూ ఉంది. ఉన్నట్టుండి, "చివర్లో నేను క్యాలెండర్ పెట్టుకున్నా" అంది. ఏ క్యాలెండరే అంటే చెప్పింది. రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు దాని కుక్కకి మంచి రోజా చెడ్డ రోజా అని ఒక గుర్తు పెట్టేదట, బాగా తిని, తోక ఊపి, ఎండలో పడుకుంటే ఒక టిక్, నొప్పితో గడిస్తే ఇంటూ. మనసు అబద్ధం చెప్తుందే, ఒక్క మంచి పూట చూస్తే వారమంతా బాగున్నట్టు చెప్తుంది, కాగితం చెప్పదు అంది. ఇంటూలు టిక్కుల్ని దాటిన నెల డాక్టర్‌కి ఫోన్ చేసిందట. ఇంటికే వచ్చారట, పొద్దున్న పూట, ఎండ పడే చోటే. ఏడాదిన్నర నుంచీ ఒక్క ముక్క చెప్పలేదు మాకు. ఫోన్లో "పోయింది" అని ఒక్క మాట మెసేజ్ పెట్టింది అంతే, మేం కూడా బొమ్మలు పెట్టి ఊరుకున్నాం. ఆ మెసేజ్‌కి పెట్టిన బొమ్మ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

ఎవ్వరం ఏం అనలేదు కాసేపు. గుండుగాడు మధ్యలో పెద్ద నిట్టూర్పు విడిచాడు, కుక్కలు విడుస్తాయి చూడండి, రోజంతా మోపులు మోసినట్టు.

నాలుగింటికి బయల్దేరేటప్పుడు అది ఫోన్ తీసి, గుండుని కాస్త నడిపించవే అంది. ఎందుకే అంటే, ప్రతిసారీ ఒక వీడియో తీసి పెడతా, మూడు నెలలకి మళ్ళీ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం, నీ కళ్ళని నేను నమ్మను అంది. నేను కుర్చీలోంచి లేచి వాణ్ణి పిలిచా, వాడికి వినపడదు కాబట్టి నేల మీద కాలితో రెండుసార్లు తట్టా, లేచాడు, చెక్క మీంచి దిగాడు, చెట్టు దాకా వెళ్ళి వచ్చాడు, బానే నడిచాడు.

రాత్రి ఆ వీడియో నాకు పంపింది. వాడి నడక కంటే ముందు ఓ నాలుగు సెకన్లు అది నన్ను తీసింది. ఒక చెయ్యి కుర్చీ మీద, ఇంకో చెయ్యి మోకాలి మీద, "హమ్మా" అని సౌండ్, లేచి నిలబడ్డాక ఒక్క క్షణం ఆగి అప్పుడు మొదటి అడుగు. అచ్చం మెట్ల దగ్గర గుండుగాడు ఆగినట్టే. ఆ ముక్క కట్ చేసి పంపవే బాబూ అని మెసేజ్ పెట్టా.

"చెయ్యను. నీకు కూడా మూడు నెలలే టైం. ఈలోపు డాక్టర్‌కి చూపించుకుని రా."

బుధవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా.